నారుకు తగిలిన మైల

నర్సరీ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, పనికొచ్చిన ఆడవాళ్ళను ఒక్కొక్కరినే ఆపి, "ఏమ్మా, బయట లేవు కదా?" అని అడగడం కమలాకుమారికి ఆ వానాకాలంలో పట్టుకున్న కొత్త పని. గుళ్ళో పూజారి గోత్రం అడిగినంత మామూలుగా అడిగేది. కొందరు తల అడ్డంగా ఊపి లోపలికి పోయేవారు. కొందరు సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. మొదటి రోజు ఒకామె నిజం చెప్పి, ఆ పూట కూలి పోగొట్టుకుని, ఎర్రటి ఎండలో ఇంటికి నడిచి వెళ్ళింది. ఆ మర్నాటి నుంచి నిజం చెప్పినవాళ్ళు లేరు.

ఉషశ్రీ ఇదంతా వరండాలోంచి చూసేది.  అడుగుతున్నది స్వయానా అత్తగారు. అడిగించుకుంటున్నది తను ఏరికోరి పనికి పిలిచిన మనుషులు. ఆ గేటు, ఆ నీడవల, దాని కింద వరసగా పేర్చిన ట్రేలు, అన్నీ తను నిలబెట్టినవే. కానీ ఆ గేటు దాటి లోపలికి అడుగుపెట్టకూడదని ఇంట్లో తీర్మానం జరిగిన మొదటి మనిషి ఉషశ్రీనే.

వత్సవాయి నుంచి జగ్గయ్యపేట పోయే దారిలో ఊరు దాటగానే, రోడ్డు పక్కన వీరరాఘవయ్యగారి వాటర్ ప్లాంటు ఉంది. దాని వెనకాల వాళ్ళ ఇల్లు, ఇంటిని ఆనుకుని ఉషశ్రీ మిరపనారు నర్సరీ. వీరరాఘవయ్య ఆమె మావగారు. బీఎస్సీ చదివొచ్చిన కోడలు పెళ్ళయిన కొత్తలో వంటింట్లో నలిగి నలిగి, ఇక లాభం లేదనుకుని, ఖాళీగా పడున్న ఆ పొలం చెక్కలో కర్రలు పాతించి నర్సరీ మొదలుపెట్టింది. మూడేళ్ళు తిరిగేసరికి నందిగామ నుంచీ, వీరులపాడు నుంచీ కూడా రైతులు ట్రాక్టర్లేసుకుని ఆమె నారు కోసం రావడం మొదలైంది. మొక్క లాగితే వేరు తెల్లగా, ట్రేలో నింపిన కొబ్బరిపొట్టును గట్టిగా పట్టుకుని వచ్చేది. ఆ మాట ఎవరైనా అంటే ఉషశ్రీకి ఆ పూట అన్నం ఎక్కువ తినబుద్ధయ్యేది.

ఆమె భర్త నవీన్‌బాబు జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా బూడిదరంగు దుమ్ముంటుంది. ఆ దుమ్ము కడుక్కోవడం తప్ప ఇంట్లో జరిగే ఏ విషయంలోనూ అతను చెయ్యి పెట్టడు.

ఈ ఏడు మాత్రం చల్లిన గింజ మొలవలేదు. గింజలేసిన ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, కొన్ని రోజులు గడిచాక పట్టా ఎత్తితే లోపల పచ్చటి మొలకలు మెడలు వంచుకుని కనిపించాలి. ఉషశ్రీ పట్టా ఎత్తింది. గుప్పుమని కంపు కొట్టింది. గింజలు ఉబ్బి, నల్లబడి, వేలితో నొక్కితే జిగురుగా చిట్లిపోయాయి. కొన్నింటి మీద బూజు తెల్లగా నూగులాగా లేచింది. వాటిమీద సన్నటి ఈగలు ముసురుకుని, పట్టా ఎత్తగానే ఆమె ముక్కులోకి వచ్చాయి. రెండోసారి చల్లారు. రెండోసారీ అదే కంపు.

మొదట వీరరాఘవయ్య విత్తనం మీద పడ్డాడు. నందిగామలో విత్తనాలమ్మే డేవిడ్‌రాజు కొట్టు ముందు నిలబడి, నకిలీ సరుకు అంటగట్టావని బజారంతా వినపడేలా అరిచాడు. డేవిడ్‌రాజు ఎదురు అరవలేదు. అదే రకం, అదే పెట్టెలోంచి తీసిన గింజలు తడిగుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో ముందే పెట్టుకుని ఉన్నాడు. మూత తీసి చూపించాడు. గింజకో మొలక. వీరరాఘవయ్య ఆ డబ్బాలోకి చూసి, ఒకసారి గొంతు సవరించుకుని, కొట్టు మెట్లమీదే ఉమ్మేసి వచ్చేశాడు.

విత్తనం తప్పు కాదని తేలాక కమలాకుమారికి ఒక అనుమానం వచ్చింది. అనుమానం వస్తే ఆవిడ ఊరుకునే మనిషి కాదు. బాత్‌రూమ్ బయట కట్టి పెట్టిన చెత్త కవరు పుల్లతో విప్పి, లోపల కాగితంలో చుట్టి ఉన్నదేమిటో చూసి మరీ నిర్ధారణ చేసుకుంది. ఆ పుల్ల చేత్తో పట్టుకునే హాల్లోకి వచ్చింది.

"మొదటిసారి గింజలు చల్లినప్పుడు నువ్వు బయటున్నావ్. రెండోసారి చల్లింతర్వాత ఇప్పుడు మళ్ళీ బయటే ఉండి, రోజూ షెడ్డులో తిరుగుతున్నావ్. అవునా, కాదా?"

మావగారు అక్కడే పేపరు చదువుకుంటున్నాడు. నవీన్‌బాబు ఇడ్లీ తింటున్నాడు. ఉషశ్రీకి ఒళ్ళు మండిపోయింది. సిగ్గు కూడా వేసింది, తనకెందుకు సిగ్గు వేస్తోందో అర్థంకాక ఇంకా మండింది.

"అవునండీ. ఉన్నా," అంది. "అయితే ఏంటంట?"

"ఏంటంటావేంటి? మిరపనారు దగ్గరకి ఆ టైములో పోతారా ఎవరన్నా? మూడేళ్ళు మొలిచిన గింజ ఇప్పుడెందుకు మొలవలా?"

"మూడేళ్ళూ నేను నెలనెలా బయట ఉంటానే ఉన్నా అత్తయ్యగారూ. అప్పుడు కూడా ఈ చేతుల్తోనే చల్లా."

"అప్పుడు నాకు తెలీదుగా!" అంది కమలాకుమారి.

ఉషశ్రీ నవీన్‌బాబు వైపు చూసింది. అతను చట్నీ అడిగాడు.

ఆ రోజే తీర్మానమైపోయింది. ఇక మీదట ఉషశ్రీ నర్సరీలోకి రాకూడదు. మూడోసారి గింజలు కమలాకుమారి తలంటు పోసుకుని తన చేత్తో చల్లుతుంది. ఈసారి మొలిస్తే తప్పు కోడలిదే అని తేలినట్టు, నర్సరీ ఇక అత్తగారిదే. ఉషశ్రీ మళ్ళీ వంటింట్లోకే. ఎవరూ ఆ మాట పైకి అనలేదు గానీ, ఆ పూట నుంచే కమలాకుమారి కూరగాయలు తరగడం మానేసి చాకు కోడలి ముందు పెట్టింది.

ఏడుపు వచ్చినా ఏడవలేదు ఉషశ్రీ. ఆమెకు ఏడుపు కంటే అసహ్యం ఎక్కువ. మొలవని గింజల కంపు ముక్కులోనే ఉండిపోయి, అన్నం ముందు కూర్చుంటే అదే వాసన వచ్చేది. గింజ బాగుంది, కొబ్బరిపొట్టు పాతదే, ట్రేలు పాతవే, చేతులు పాతవే. ఈ ఏడు కొత్తగా వచ్చిందేమిటి? ఈ ఆలోచన పట్టుకుని తిరిగింది. ఒకరోజు పెరటి కుళాయి దగ్గర గిన్నెలు తోముతుంటే సబ్బు నురగ రాలేదు. ఎంత రుద్దినా చేతులకు జిడ్డుగా, పేరిన పెరుగులాగా అంటుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ కుళాయికి, నర్సరీకి కలిపి మావగారు వేసవిలో వేయించిన కొత్త పైపు.

వాటర్ ప్లాంటులో బోరు నీళ్ళు వడపోసి టిన్నుల్లో నింపి అమ్ముతారు. వడపోయగా మిగిలిన నీళ్ళు ఒక గొట్టంలోంచి బయటికి పోతాయి. అమ్మే నీళ్ళ కంటే ఈ పోయే నీళ్ళే ఎక్కువ. ఏళ్ళ తరబడి అవి రోడ్డు పక్క గుంటలోకే పోయాయి. గుంట నిండి నాచు పట్టి, దోమలు లేచి, పందులు దొర్లి, ఆ దారిన బస్సులో వెళ్ళేవాళ్ళు కూడా ముక్కు మూసుకునేవారు. నీళ్ళు రోడ్డు మీదికి వదిలితే ప్లాంటుకు తాళం వేయిస్తామని పంచాయతీ వాళ్ళు గట్టిగా చెప్పేసరికి వీరరాఘవయ్యకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఆ గొట్టానికి పైపు తగిలించి నర్సరీ తొట్టెలోకి మళ్ళించాడు. అంతకుముందు నర్సరీకి నీళ్ళు పక్కచెక్కలో ఉన్న మొహిద్దీన్ బావి నుంచి వచ్చేవి.

"తాగే నీళ్ళలో సారమంతా ఆ మిషను లాగేస్తది," అని వీరరాఘవయ్య అప్పట్లో కనపడిన ప్రతివాడికీ వివరించాడు. "ఆ లాగిన సారమంతా ఎక్కడికి పోద్ది? ఈ నీళ్ళలోకే! ఖనిజాలన్నీ ఇందులోనే. ఇవి పోస్తే ఎరువుకట్ట కూడా అక్కర్లా."

విన్నవాళ్ళంతా తలూపారు. ఇద్దరు రైతులు తమ చేలకూ ఇవ్వమని అడిగారు కూడా. ఆ రోజు ఉషశ్రీ కూడా, ఏదో అనుమానంగా ఉన్నా, మావగారి మాటకు అడ్డం చెప్పడం ఎందుకని ఊరుకుంది.

ఇప్పుడు ఊరుకోలేదు. నాలుగు స్టీలు మూతలు తీసుకుంది. ఒక్కోదాంట్లో పాత చీర ముక్క పరిచి మిరప గింజలు చల్లింది. ఒకదాన్ని మొహిద్దీన్ బావి నీళ్ళతో తడిపింది. ఒకదాన్ని డాబా మీద గంగాళంలో పట్టిన వాననీళ్ళతో. ఒకదాన్ని టిన్ను నీళ్ళతో. నాలుగోదాన్ని ఆ పైపు నీళ్ళతో. అప్పుడు ఆమె బయట కూడా లేదు. మూతలన్నీ ఫ్రిజ్ మీద వరసగా పెట్టి, గుడ్డలు ఆరకుండా ఏ మూతకు ఆ నీళ్ళే చిలకరిస్తూ వచ్చింది. కమలాకుమారి ఫ్రిజ్ దగ్గరికి వచ్చినప్పుడల్లా ముక్కు చిట్లించుకుని పాలగిన్నె మీద మూత సర్దుకునేది.

బావి నీళ్ళ గింజలు ముందు పగిలాయి. తర్వాత వాననీళ్ళవి. టిన్ను నీళ్ళవి కాస్త వెనకబడి వచ్చాయి. ఆ మూడు మూతల్లోనూ తెల్లటి వేళ్ళు గుడ్డను పట్టుకున్నాయి. నాలుగో మూతలో గింజలు ఉబ్బి జిగురు కారుతున్నాయి. ఒకటి రెండు కష్టపడి ముక్కు బయట పెట్టాయి గానీ, ఆ ముక్కు చివర గోధుమరంగులో మాడిపోయి ఉంది. గుడ్డ అంచుల వెంట నీళ్ళు ఆరినచోట ఉప్పు తెల్లగా పొడిపొడిగా పేరుకుంది. ఉషశ్రీ దాన్ని నాలుక చివర పెట్టి చూసి, వెంటనే సింకులో ఉమ్మేసింది.

నాలుగు మూతలూ తీసుకెళ్ళి మావగారి ముందు టీపాయ్ మీద పెట్టింది. "పైపు నీళ్ళు మావయ్యగారూ. నా చెయ్యి కాదు."

వీరరాఘవయ్య కళ్ళజోడు పెట్టుకుని నాలుగింటినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు ఆయన మొహంలో స్పష్టంగా తెలిసింది. పైపు తప్పని ఒప్పుకుంటే నీళ్ళు మళ్ళీ రోడ్డు గుంటలోకి పోవాలి, పంచాయతీ వాళ్ళు మళ్ళీ రావాలి. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అందులో ఏం కలిపావ్?" అన్నాడు.

"ఏంటండీ?"

"కావాలని ఏదో కలిపి తీసుకొచ్చావ్. సర్ఫో, యాసిడో. చదువుకున్నదానివి, నీకివన్నీ తెలుసు. ఆ చెత్త టీపాయ్ మీంచి తియ్యి."

అబద్ధమని తెలిసి తెలిసీ, మొహంలో ఏ మాత్రం తేడా లేకుండా, పళ్ళ సందులో ఇరుక్కున్నది నాలుకతో లాక్కుంటూ అన్నాడు ఆ మాట. ఆ పెద్దమనిషికి రోజూ రెండుపూటలా తను అన్నం వడ్డిస్తోందని గుర్తొచ్చి ఉషశ్రీకి తన చేతుల మీద తనకే రోత పుట్టింది. మూతలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

కమలాకుమారి మంచిరోజు చూసుకుని మూడోసారి గింజలు చల్లింది. తలంటు పోసుకుని, తడిజుట్టు ముడేసుకుని, గేటుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టింది. కృపావతి అనే పనమ్మాయి ట్రేలు అందిస్తుంటే ఆవిడే ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసింది. పాపం, అడ్డదిడ్డంగా ఏం వెయ్యలేదు, శ్రద్ధగానే వేసింది. అయ్యాక పైపు విప్పి, "మిషన్లోంచి వచ్చిన నీళ్ళు, ఇంతకంటే శుద్ధమైనవి ఎక్కడుంటాయ్?" అంటూ జల్లుడబ్బాతో తడిపింది.

అంతకు రెండు రోజుల ముందు ఉషశ్రీ డేవిడ్‌రాజుకు ఫోన్ చేసి విడిగా గింజలు తెప్పించుకుంది. అత్తగారు కొబ్బరికాయ కొట్టిన పొద్దునే ఆమెకు నెలసరి మొదలైంది. ఎప్పటికంటే ముందే వచ్చింది. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత పాత ట్రేలు తలకెత్తుకుని గట్టు దాటి మొహిద్దీన్ చెక్కలోకి వెళ్ళింది.

మొహిద్దీన్ లారీ తోలుతాడు, ఊళ్ళో తక్కువ ఉంటాడు. అతని భార్య రసూల్‌బీ బావి పక్కన గేదెల పాకలో పాలు తీస్తోంది.

"పిన్నీ, నీ పాక పక్కన కాస్త నీడలో ఈ ట్రేలు పెట్టుకుంటా. నీ బావి నీళ్ళే పోస్తా. ముందే చెప్తున్నా, నేనిప్పుడు బయటున్నా."

రసూల్‌బీ చెంబు పక్కన పెట్టి చూసింది. "నువ్వు బయటుంటే గింజకెట్టా తెలుస్తదమ్మా? మేమూ ఆ రోజుల్లో నమాజుకి కూర్చోం. అంతవరకే. గేదెలకి కుడితి పెట్టకపోతే ఎవరొచ్చి పెడతారు?" అని, పాకలో మూల ఊడ్చి చోటు చేసింది. "మీరు ఈ బావి నీళ్ళు మానేశాక, ఆ ప్లాంటు నీళ్ళ పైపు మాకూ తెచ్చి ఇస్తానన్నాడు మీ మావ. నా గేదెలు ఆ నీళ్ళకి మూతి కూడా ఆనించలా."

ఉషశ్రీ అక్కడే కూర్చుని సాయంత్రం దాకా గింజలు వేసింది. నడుం లాగింది, పొత్తికడుపు పిండేసింది, పేడ వాసనకు తల తిరిగింది. అయినా ఒక్క గుంట కూడా వదల్లేదు. ఇంటికి వెళ్ళాక అత్తగారి కంట పడాల్సినవేవీ పడకుండా జాగ్రత్తపడింది. మొహిద్దీన్ వాళ్ళ చెక్కలో ఏదో నారు పోస్తోందని కమలాకుమారికి తెలుసు. పోసుకోనీ, ఎటూ ఆ నారు చస్తుంది అనుకుంది.

వారం దాటాక ఒకరోజు కమలాకుమారి తన పట్టా తనే ఎత్తింది. ఉషశ్రీ వరండాలోంచి ఆవిడ వీపు మాత్రమే చూసింది. ఆ వీపు అలాగే వంగి చాలాసేపు ఉండిపోయింది. తర్వాత ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. కృపావతి ట్రేలు ఒక్కొక్కటీ తెచ్చి పేడకుప్పలో బోర్లించింది. కోళ్ళు వచ్చి గీరి చూసి, వాటినేమీ తినకుండా వెళ్ళిపోయాయి.

గట్టవతల రసూల్‌బీ పాక పక్కన నారు పచ్చగా లేచింది.

ఇక్కడ ఎవరైనా ఒక మాట అంటారని ఉషశ్రీ ఎదురుచూసింది. తప్పయిందని కాదు, అంత ఆశ లేదు. కనీసం నీళ్ళేనమ్మా, అని ఒక్కరు ఆమె మొహం చూసి అంటారనుకుంది. వీరరాఘవయ్య గట్టు మీద నిలబడి ఆ నారు చూసి, గడ్డం గోక్కుని, "సరే, ఇయ్యన్నీ మన షెడ్డులోకి మార్పించు. మొహిద్దీన్‌ని అడిగి బావి పైపు మళ్ళీ తగిలించు. ఈ నీళ్ళ సంగతి బయట ఎక్కడా అనమాకండి," అని ఫోన్ తీసి రైతులకు కబురు చెప్పడం మొదలుపెట్టాడు. ప్లాంటు నీళ్ళు ఇంటి కుళాయికి అలాగే ఉంచి, మిగతావి వెనక వాగులోకి తిప్పాడు. కమలాకుమారి మళ్ళీ గేటు దగ్గర కుర్చీ వేసుకుంది. నారుకు నీళ్ళు పట్టడం, మందు కొట్టడం, ట్రేలు తిప్పడం ఉషశ్రీ చేసుకోవచ్చు, అదీ బయట లేని రోజుల్లో. నర్సరీ ఎవరిదన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

నారు తోటలో నాటే ఎత్తుకు ఎదిగింది. నందిగామ అవతలి నుంచి కృష్ణయ్య ట్రాక్టరేసుకుని వచ్చాడు. వీరరాఘవయ్యకు వరసకు బావ, పాత ఖాతాదారు. చేను దున్ని పెట్టుకుని, వానపడి, నారు కోసం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆ చుట్టుపక్కల ఏ నర్సరీలోనూ నారు మిగల్లేదు. కమలాకుమారి ఎదురెళ్ళి ట్రేలు చూపించింది. ఉషశ్రీ లోపలి వరసలో నిలబడి ఉంది. ఆ పొద్దునే ఆమెకు మళ్ళీ నెలసరి వచ్చింది. గేటు దగ్గర అత్తగారు లేని సమయం చూసి లోపలికి వచ్చింది.

"చూడన్నయ్యా నారు ఎలా ఉందో," అంటోంది కమలాకుమారి. "ఊరికే వచ్చిందా? తలంటు పోసుకుని, కొబ్బరికాయ కొట్టి, నా చేత్తో చల్లా. మైల నీడ కూడా పడనియ్యలా. మిగతా నర్సరీలోళ్ళకి ఆ పట్టింపు లేదు, అందుకే అక్కడ తెగుళ్ళు."

కృష్ణయ్య భక్తిగా తలూపాడు. వీరరాఘవయ్య, అన్నీ తెలిసిన మనిషి, పక్కనే నిలబడి చిరునవ్వు నవ్వాడు.

ఉషశ్రీ ఇన్ని రోజులూ అసహ్యాన్ని మింగుతూ వచ్చింది. ఇక మింగడం ఆమె వల్ల కాలేదు.

"ఈ నారు అత్తయ్యగారు చల్లింది కాదు బాబాయ్," అంది, వరసలోంచి ముందుకొచ్చి. "ఆవిడ చల్లింది కుళ్ళిపోయి పేడకుప్పలో ఉంది. ప్లాంటులోంచి వచ్చే ఉప్పునీళ్ళు పోశారు, చచ్చింది. ఇది నేను చల్లా, బావి నీళ్ళతో. చల్లినరోజు బయటున్నా. మొదటిరోజే."

 ట్రాక్టరు ఇంజను దడదడలాడుతోంది. వీరరాఘవయ్య మొహం మాడిపోయింది. కమలాకుమారి, అప్పటిదాకా ట్రే మీద వేసి ఉంచిన చెయ్యి, వేడి పెనం తగిలినట్టు లాక్కుంది.

"ఛీ! ఛీ! నాతో ఇన్నాళ్ళూ ముట్టించావా?" అని, పరుగులాంటి నడకతో వెళ్ళి, బకెట్టులో పసుపు కలిపిన నీళ్ళు పట్టుకొచ్చింది. చేత్తో తీసి నారు మీద చల్లబోయింది.

ఉషశ్రీ అడ్డం నిలబడింది. "ఆ నీళ్ళెక్కడివండీ?"

"ఎక్కడివైతే ఏం? మన కుళాయివే."

"ఆ కుళాయికి వచ్చేది పైపు నీళ్ళే. అవి చల్లితే రేపటికి ఆకులు మాడతయ్." బకెట్టు అత్తగారి చేతిలోంచి లాక్కుని నేలమీద కుమ్మరించింది. కమలాకుమారి తన చీర అంచు తడవకుండా ఎత్తి పట్టుకుని వెనక్కి గెంతింది.

ఉషశ్రీ కృష్ణయ్య వైపు తిరిగింది. అతను తిడతాడనుకుంది. నారు వద్దని పోతాడనుకుంది. అన్నింటికీ సిద్ధపడే నోరు విప్పింది. కృష్ణయ్య ఒక మొక్క లాగి, వేరు చూసి, మళ్ళీ గుంటలో పెట్టి, వీరరాఘవయ్య వైపు ఓరకంట చూశాడు.

"వేరయితే బాగానే ఉంది బావా. కానీ అమ్మాయి చెప్పకపోతే తెలీకపోను. తెలిశాక, అలాంటి నారుకి మామూలు రేటు ఎలా పెడతాం చెప్పు? కాస్త చూసి వేసుకో."

"దాందేముంది, కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు వీరరాఘవయ్య, ప్రాణం లేచొచ్చినట్టు.

ఉషశ్రీకి ఒక్కసారిగా అంతా వెగటైపోయింది. మైలకు భయపడే మనిషైతే కనీసం భయపడతాడు. ఇతను దానికి బేరం కడుతున్నాడు, మావగారు ఆ బేరానికి కుర్చీ వేస్తున్నాడు.

"కూర్చునేదేం లేదు," అంది. "ఒక్క పైసా తగ్గదు. ఇంకో సంగతి కూడా వినండి బాబాయ్. ఇవాళ కూడా బయటే ఉన్నా. ఈ చేతుల్తోనే ఎక్కిస్తా. కావాలంటే పట్టుకోండి, వద్దంటే బండి తిప్పుకోండి. రేపు వీరులపాడోళ్ళు వస్తున్నారు."

ట్రే ఎత్తి అతని ముందుకు చాచింది. కృష్ణయ్య ఆకాశం వైపు చూశాడు. మబ్బు బాగా పట్టి ఉంది. దున్నిన చేను గుర్తొచ్చిందేమో, రెండు చేతులూ చాపి ట్రే అందుకున్నాడు. ఆమె వేళ్ళు తగిలాయి, తగలనట్టే ఉండిపోయాడు. వీరరాఘవయ్య ఫోన్ చూసుకుంటూ ప్లాంటు వైపు వెళ్ళిపోయాడు. కమలాకుమారి గేటు బయటికి పోయి నిలబడింది. ట్రే తర్వాత ట్రే, ట్రాక్టరు ట్రక్కు నిండేదాకా ఉషశ్రీ అందిస్తూనే ఉంది. లెక్క ప్రకారం మొత్తం డబ్బు ఆమె చేతిలోనే పెట్టించుకుంది.

ట్రాక్టరెక్కే ముందు కృష్ణయ్య ఆగాడు. అటూ ఇటూ చూసి, పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బు తీసుకుని చేతులు మోచేతుల దాకా రుద్దడం మొదలుపెట్టాడు. నురగ రాలేదు. అయినా వదలకుండా గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్య, ఆ ఉప్పునీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగాడు. దోసిట్లో కాసిని పట్టి నెత్తిమీద కూడా చల్లుకున్నాడు. తర్వాత తడి చేతులతోనే వచ్చి, ట్రక్కు అంచున వాలిన ట్రే సర్దబోయాడు.

"బాబాయ్!" అని కేకేసింది ఉషశ్రీ. అతను ఉలిక్కిపడి ఆగాడు.

"ఆ చేతుల్తో నారు ముట్టుకోమాకండి. చచ్చిపోద్ది."